తప్పిన పరీక్షకు పడిన గుడ్లు

జీవరసాయన శాస్త్ర విభాగం డీన్, డాక్టర్ ఎవరిస్తో లెదెస్మా గారి సముఖమునకు,

చాకో రాష్ట్రం, లాపాచో సోలో ఊరి ఇటుకల బట్టీ కార్మికుడు ఇసబెలీనో మరేకో కుమార్తె, చివరి సంవత్సరం విద్యార్థిని, ప్రస్తుతం విశ్వవిద్యాలయ హాస్టలు నివాసి జునిల్దా మరేకో వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పట్టభద్రురాలనైనట్లు విభాగపు వరండాలో గుడ్లు కొట్టించుకొన్న నేరమునకు నన్ను జూలై పరీక్షల నుండి తప్పించుట – నేను పట్టభద్రురాలను కాకపోవుట – సదరు నిషేధము రద్దు చేయవలెనని వేడుకొనుట గురించి.

1. తమ కార్యాలయము నుండి అందిన నోటీసులో "పట్టభద్రురాలు మరేకో బంధువులు" పరీక్ష గది ఎదుట కోడిగుడ్లు, గోధుమపిండి, వెనిగరు చల్లి, నిరుడు ఒక ప్రొఫెసరు గారు జారిపడిన పిమ్మట తాము విధించిన నిషేధమును ఉల్లంఘించిరని వ్రాయబడినది. చల్లిన మాట వాస్తవము. చల్లినది మావాళ్ళే అన్నది వాస్తవము. నా నెత్తిన పడినది అంతకన్నా వాస్తవము. పట్టభద్రురాలు అన్న ఒక్క మాట మాత్రమే వాస్తవము కాదు. నేను పరీక్ష తప్పినాను.

2. తప్పిన వైనము. నాకు మిగిలినది ఆ ఒక్క పరీక్షే. ముగ్గురు ప్రొఫెసర్ల ఎదుట కూర్చుని, అంకెల గోళీల పెట్టెలోంచి ఒక గోళీ తీసినాను. ఆ అంకెకు చాగస్ జబ్బు అనే అంశము వచ్చినది. అయ్యా, నేను పుట్టినది మట్టిగోడల ఇంట్లో. గోడ పగుళ్ళలో దాగి రాత్రిపూట కుట్టి, గుండెను పాడుచేసే ఆ జబ్బు తెచ్చే పురుగును వెతకడం మాకు పక్కలు వేసుకోవడం లాంటి రోజువారీ పని. ఇంతకన్నా మంచి గోళీ నాకు రాదని లోలోపల గంతేసినాను కూడా. డాక్టర్ ఇరాలా గారు చాలా నెమ్మదిగా అడిగినారు.

"రెండు రకాల రక్తపరీక్షలు చేశావమ్మా. ఒకదాంట్లో ఉందనొచ్చింది, ఒకదాంట్లో లేదనొచ్చింది. ఇప్పుడేం చేస్తావు?"

నాకు జవాబు తెలుసు. సరిగ్గా అప్పుడే తలుపు బయట మా నాన్న దగ్గు వినబడింది. అద్దె లారీలో ఊరు ఊరంతా వచ్చి నిలబడి ఉందని గుర్తొచ్చింది. ఇక నోరు పెగల్లేదు. ఆమె ఎదురుచూశారు, నీళ్ళు ఇచ్చారు, ప్రశ్న మార్చి అడిగారు, చివరకు "జూలైలో రామ్మా" అన్నారు. పదికి రెండు మార్కులు వేసినారు. రెండు కూడా దయతో వేసినవే. ఆమె మీద నాకెట్టి ఫిర్యాదూ లేదని ఇందుమూలముగా స్పష్టపరచుచున్నాను.

3. గుడ్లు పడిన వైనము. చదువు ముగించినవాళ్ళ మీద గుడ్లు, పిండి కొట్టి, బట్టలూ జుట్టూ కత్తిరించే మనవైపు ఆనవాయితీ తమకు విన్నవించనక్కరలేదు. చివరి పరీక్ష ముగించి వచ్చినవాళ్ళను బయట ఉన్నవాళ్ళు ఫలితం అడగరు. అడిగితే అనుమానించినట్టు. మొహం చూస్తారు, కొడతారు. నన్ను పెంచిన మేనత్త దెల్ఫీనా లెక్కలో ఏడుస్తూ బయటికొచ్చిన వాళ్ళంతా ప్యాసైనవాళ్ళే. తప్పినవాళ్ళు తల దించుకుని వస్తారట. నేను తల దించుకోవడం మరచిపోయి ఏడుస్తూ వచ్చాను.

"వచ్చింది మన దక్తోరా! ఏం చూస్తున్నార్రా, కొట్టండి!" అన్నది అత్త. ఈ పట్టా తీసుకున్నవాళ్ళు మావాళ్ళకు డాక్టర్లే. మొదటి గుడ్డు ఆమెదే. నుదుటి మీద తగిలింది.

చెబుదామని నోరు తెరిచితిని. నోట్లోకి పిండి పోయినది. ఉమ్మేసి మళ్ళీ తెరిచేలోపు అత్త కత్తెర తీసి నా చొక్కా చేతులూ, జుట్టులో ఒక పాయా కత్తిరించేసింది. అప్పుడు మా నాన్న కేక వేశాడు. అకార్డియన్ పాట మంచి ఊపు మీద ఉన్నప్పుడు మావాళ్ళు గొంతు చించుకుని పెట్టే ఆ సపుకాయ్ కేక తమరూ ఆ రోజు కిటికీలోంచి వినే ఉంటారు. అయ్యా, ఆయన రోజంతా బట్టీ దగ్గర నాలుగు మాటలైనా మాట్లాడని మనిషి. పెళ్ళిళ్ళలో కూడా గోడకు ఆనుకుని నిలబడతాడు. ఆయన గొంతులో అంత కేక ఉందని నాకే తెలియదు. ఆ కేక విన్నాక ఆయనతో "కాదు నాన్నా" అనగలవాళ్ళు ఎవరైనా ఉంటే నాకు చూపించండి, వాళ్ళ కాళ్ళకు దణ్ణం పెడతాను.

4. పిండి నోట్లో ఎంతసేపని ఉంటుందని తమరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నే. లారీ ఎక్కాక చెబుదామనుకొన్నాను. లారీలో పాటలు మొదలైనవి. ఊరు చేరాక చెబుదామనుకొన్నాను. హారను మోగిస్తూ వీధులన్నీ తిప్పినారు. ఇంటికి పోయాక చెబుదామనుకొన్నాను. ఇంటి ముందు నిప్పుల మీద గొర్రె కాలుతున్నది, బడి మాస్టారి భార్య నా కోసం కొత్త బట్టలు కుట్టి తెచ్చినది. పడుకోబోయే ముందు అత్త నా తల రుద్ది పెంకుముక్కలు ఏరుతూ, "మీ నాయన తాగకుండానే తూలుతున్నాడే" అని నవ్వింది. నేనూ నవ్వాను. నాకు ఆ నవ్వు మీదే ఎక్కువ అసహ్యం.

5. ఇది ఇంతటితో ఆగినచో నేను తమకు శ్రమ కలిగించకపోదును. మా ఊరి ఆరోగ్య కేంద్రంలో ల్యాబు ఉంది, మనిషి లేడు. తాళం తుప్పు పట్టింది. రక్తం సీసాలు మంచుపెట్టెలో బస్సెక్కి పట్నం పోతాయి, ఫలితం వచ్చేసరికి జ్వరమైనా పోతుంది, మనిషైనా పోతాడు. అందుకని గొర్రె తిన్న మర్నాడే మా పక్కింటి సెల్సా పిన్ని తన చాగస్ రక్తపరీక్షల కాగితం పట్టుకొచ్చింది.

"ఒకడు ఉందంటాడు, ఒకడు లేదంటాడు. నా గుండెకేమైనా అవుద్దా? నువ్వు చెప్పు తల్లీ, నువ్వంటే నమ్ముతా."

అదే ప్రశ్న, అయ్యా. రొట్టె పిండి అంటిన చేతులతో, మా వంటింట్లో.

"మూడోసారి వేరే పద్ధతిలో చేయించాలి పిన్నీ. అది వచ్చేదాకా ఉందనీ అనుకోవద్దు, లేదనీ అనుకోవద్దు. రేపే పెద్దాసుపత్రికి వెళ్ళు, నేను చీటీ రాస్తా..." అని, చీటీ రాయబోయి ఆగిపోయాను. ఏమని సంతకం పెట్టను?

"రాయవే?"

"నా చేతిరాత వాళ్ళకు అర్థం కాదులే పిన్నీ. నువ్వు నోటితో చెప్పు."

"డాక్టర్ల రాత ఎప్పుడర్థమయ్యింది గనక!" అని మురిసిపోతూ వెళ్ళింది. ఆ మర్నాడు పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో ఇంకో ఇద్దరు కాగితాలతో కూర్చుని ఉన్నారు. యూనివర్సిటీలో అర్జెంటు పని ఉందని చెప్పి దొరికిన బస్సెక్కి వచ్చేశాను. చెప్పినది తప్పు కాదు. కానీ చెప్పే హక్కు లేని మనిషి చెప్పింది. రేపు నేను నిజంగానే తప్పు చెబితే, నమ్మినందుకు ఎవరో పోతారు. నాకు నిద్ర పట్టనిది పరీక్ష తప్పినందుకు కాదు, దీనికి.

6. హాస్టలుకు చేరేసరికి తమ నోటీసు మంచం మీద ఉన్నది. సవరణ కోరుటకై తమ కార్యాలయానికి వెళ్ళితిని. గుమాస్తా ఓల్గా గారికీ నాకూ జరిగిన సంభాషణ యథాతథముగా:

"నేను ప్యాసవలేదండీ."

"గుడ్లు పడ్డాయా?"

"పడ్డాయండీ."

"గుడ్లు పడ్డాక ప్యాసవకపోవడమేంటమ్మా?"

వైనమంతా చెప్పాను. ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, పాపం నిజంగానే బాధపడ్డారు. తరువాత నిబంధనల పుస్తకం తెరిచారు. "పట్టభద్రులైతే శిక్ష చిన్నదే. పట్టా పుచ్చుకునే ప్రమాణ స్వీకారం వాయిదా. విద్యార్థివైతే మాత్రం వచ్చే పరీక్షలకు రానివ్వరు. నువ్వు ఇప్పుడు విద్యార్థివని చెప్పావుగా, రాసుకోక తప్పదు. డిసెంబరులో రా. అసలు ఎందుకు చెప్పావే పిల్లా?"

కావున, ఊళ్ళో అబద్ధమాడినందుకు నాకు గొర్రె మాంసం దక్కినది, తమ కార్యాలయంలో నిజం చెప్పినందుకు శిక్ష పెరిగినది. ఈ సంగతి తమ దృష్టికి తెచ్చుచున్నాను, అంతే.

భోజనశాలలో పప్పు పులుసు ముందు కూర్చుని విద్యార్థి సంఘం ఎలియోకు చెప్పుకున్నాను. "ధర్నా చేద్దాం" అన్నాడు. నా ఒక్కదాని కోసమా అన్నాను. "నీ కోసం కాదులే, పులుసులో మాంసం ముక్క కోసం ఎలాగూ చేస్తున్నాం. నీది కూడా రెండో డిమాండుగా కలిపేస్తాం" అన్నాడు. వద్దన్నాను. ఈ అర్జీ నేనొక్కదాన్నే రాస్తున్నాను.

7. డిసెంబరు వరకు ఆగుట నాకు కుదరదు. ఆరోగ్య కేంద్రం వాళ్ళు ల్యాబు ఉద్యోగాన్ని ఊరి బిడ్డ కోసమని ఆగస్టు వరకు అట్టే పెట్టినారు. ఆగస్టు దాటితే ఆ ఉద్యోగాన్ని వేరే ఊరికి మార్చేస్తారు, మా తాళం అలాగే తుప్పు పడుతుంది. అప్పుడు నేను ఒక్కదాన్ని తప్పినట్టు కాదు, ఊరిని ముంచినట్టు.

8. కావున నా ప్రార్థన: వరండా నేను కడిగెదను. ఈ సంవత్సరమంతా కడగమన్నా కడిగెదను. మందలింపు బోర్డు మీద అతికించినా భరించెదను. జూలైలో ఆ ముగ్గురి ఎదుట ఇంకొక్కసారి కూర్చోనివ్వండి. ఏ గోళీ వచ్చినా సరే. మరియు, మా ఇంటికి ఏ విధమైన ఉత్తరమూ పంపవద్దని, మా నాన్నకు ఈ సంగతి తెలియనివ్వవద్దని చేతులు జోడించి వేడుకొనుచున్నాను. జూలైలో ప్యాసైతే ఈ అబద్ధం దానంతటదే నిజమైపోతుంది. ఎవరికీ తెలియనక్కరలేదు.

విసుగుకొనక, ఒక్క నిమిషం ఆ కిటికీ దగ్గరికి వెళ్ళి వరండా వైపు చూసి, పిమ్మట చిత్తగించవలెను.

ఇంకా డాక్టరు కాని, తమ విధేయురాలు,
జునిల్దా మరేకో

తా.క.: ఎనిమిదో అంశంలో చివరి కోరికను దయచేసి కొట్టివేయగలరు. కవరు అంటించబోతుండగా నాన్న ఫోను చేశాడు. గుమ్మానికి డాక్టరని నా పేరుతో ఇత్తడి పలక చేయిస్తున్నాడట. "మరేకో అని నా ఇంటిపేరొక్కటే చాలా, మీ అమ్మది కూడా పక్కన పెట్టించనా? పెట్టిద్దామే, తను ఉంటే చూసుకునేది" అన్నాడు. ఇక నా వల్ల కాలేదు, చెప్పేశాను.

నాన్న, "మరి మమ్మల్ని అంతసేపు ఎందుకు ఎగరనిచ్చావే తల్లీ?" అన్నాడు. నేను ఏడుస్తుంటే మళ్ళీ ఆయనే అన్నాడు: "నువ్వు ఏడుస్తా బయటికొచ్చావు. సంతోషమనుకున్నా. నా బిడ్డ ఏడుపు నాకు తెలీకపోయిందే." ఆ మాట నుండి నేను బతికున్నంత కాలం కోలుకోను.

ఊళ్ళో తనే చెబుతాడట, సెల్సా పిన్ని ఇంటి నుంచే మొదలుపెడతాడట. పలక పని ఆపించాడు. శిక్ష సంగతి విని మాత్రం కోపం వచ్చింది. "గుడ్లేసింది మేమైతే నీకెందుకు శిక్ష? నేనొచ్చి ఆ పెద్దాయనకు చెబుతా" అని సోమవారం వస్తున్నాడు. ఆయన గట్టిగా మాట్లాడితే కోపమని అనుకోవద్దు, తమ ముందు మాట పెగలడానికి అలా మాట్లాడతాడు. గుడ్లతో వచ్చేవాళ్ళను గేటు దగ్గరే ఆపమని కాపలావాళ్ళకు తమ ఉత్తర్వు ఉంది. ఆయన బుట్టలో గుడ్లుంటాయి. మా కోళ్ళవి, తమ ఇంటికి, వండుకోవడానికి. వద్దంటే వినలేదు. దయచేసి లోపలికి రానివ్వండి.

తమరు అనుమతి ఇస్తే జూలైలోనూ వస్తానన్నాడు. ఎవరినీ తీసుకురాడట, ఒక్కడే, ఖాళీ చేతులతో. "నువ్వు లోపల ఉన్నంతసేపు దగ్గను కూడా దగ్గను. నువ్వు బయటికొచ్చి ప్యాసయ్యానని నోటితో చెప్పు. ప్యాసవకపోతే అది కూడా చెప్పు, ఇంటికి తీసుకుపోతా" అన్నాడు.