మొన పక్కన వెలుతురు

1958 అక్టోబరు 27, గుణుపురం

పద్మపూర్ రైతు అప్పలస్వామి మళ్ళీ వచ్చాడు. పోయిన నెల నాన్న చుట్లు కోసి ఇచ్చిన చెరకు గానుగ మరని, రోళ్ళు బిగించే పెద్ద ఇనప స్క్రూని, బండిలో తెచ్చి, వెనక వరండాలో లేత్ పక్కన దించాడు. నట్టు రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోతోందట. "ఏటి మిస్త్రీ, కళ్ళు మూసుకొని కోసేవా?" నవ్వుతూనే అన్నాడు. నాన్న నవ్వలేదు. చెరకు నరికే వేళకి ఇంకొకటి కోసి ఇస్తానన్నాడు.

అతను వెళ్ళాక ఆ మరని చాలాసేపు వేలితో తడిమాడు. చూడలేదు — తడిమాడు.

అక్టోబరు 28

రాయగడ నుంచి మావయ్య. వంటింట్లో అమ్మతో — "బావకి సూపు ఆనట్నేదప్పా. ఈసారి కోసిందీ తిరిగొచ్చిందంటే లేత్ అమ్మేద్దాం. నా కొట్లో కూకుంటాడు."

వరండాలో లేత్ తొక్కుడు చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

కొట్లో గల్లాపెట్టె ముందు నాన్న... ఊహించలేను.

అక్టోబరు 29

ట్రంకు పెట్టె అడుగున భూతద్దం దొరికింది. ఇత్తడి అంచు, గోళీ అంత గాజు. కాన్వెంటు వదిలిన రోజు సిస్టర్ నా చేతిలో పెట్టింది, పూల కేసరాలు చూసుకోమని. కంగారు పడకుండా చూడు, అంది.

నాన్న భోజనానికి లేచినప్పుడు, మర కోసే టూలు తీసి ఎండలో పట్టుకున్నాను. కంటికి సూదిలా ఉన్న మొన అద్దంలో కొండలా ఉంది. మొన నుంచి వెనక్కి ఒక నల్లటి గీత. పగులు.

చెప్పాలా?

అక్టోబరు 30

చెప్పాను. సగం మాటల్లో, వెనక నిలబడి.

నాన్న అద్దం తీసుకొని కంటికి పెట్టుకున్నాడు. వెంటనే తిరిగి ఇచ్చేశాడు. అద్దంలో కూడా ఆయనకి మసకే అని అర్థమైంది. "నువ్వు సూసేవు కదా, సాలు."

సాన చక్రం నేను తిప్పాను. మొనంతా అరగదీసి కొత్త మొన పట్టాడు. నా ఒక్క మాట మీద.

అక్టోబరు 31

మిగతా టూళ్ళు కూడా చూశాను. అన్నిటికీ అదే గీత. ఆరింటికీ ఒకేలా పగులుతాయా? భయం వేసి నాన్నని పిలిచాను. ఆయన ఒకదాన్ని కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. గీత పోయింది. గుడ్డ ఎర్రగా అయింది.

దసరా బొట్టు. నూనెలో గీతలా కారి, ఎండి నల్లబడిన కుంకుమ. పూజలో పెట్టిన బొట్టు మా ఇంట్లో ఎవరూ తుడవరు, పనిలో దానంతట అది పోవాలి.

"అమ్మోరి బొట్టు సాన పట్టించేవు కదే అమ్మీ!" నాన్న భుజాలు కదిలేలా నవ్వాడు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. మంచి ఉక్కు, నా వల్ల పొడైపోయింది.

నవంబరు 1

అద్దం పెట్టెలో పెట్టేశాను.

నవంబరు 2

"అద్దం ఏదే?" నాన్నే అడిగాడు. "తప్పే సూసేవు. కానీ సూసేవు. నాకు ఆ గీత కూడా అగుపడనేదు."

చూపు మసకేసింది ఎండాకాలం నుంచట. అమ్మకి కూడా చెప్పలేదట. నాకు చెప్పాడు.

"ముందు తుడువు. తరవాత సూడు." అంతే.

నవంబరు 4

నాన్న గేజి చేతికిచ్చాడు. చిన్న ఉక్కు రేకు, అంచున మూడు మూలల గంటు. టూలు మొన అందులో సందు లేకుండా కూర్చోవాలి. ఆకాశం వైపు పట్టుకొని అద్దంలో చూశాను. ఎడమ పక్కన వెలుతురు. వెంట్రుకలా మొదలై వెడల్పవుతోంది. తిరిగొచ్చిన మర గాడి చూశాను — అదీ అటే ఒరిగింది. పాత మొన కూడా ఇలాగే పట్టాడన్నమాట. నట్టు బిగుసుకున్నది ఇందుకే.

"ఎంత?"

జామెట్రీ పెట్టెలో స్కేలు ఆనించి చూశాను. "సన్న గీతల మధ్య దూరంలో పావు వంతు."

"పావేనా? తుడిసేవా?"

"తుడిచాను."

మూడుసార్లు సాన. మొదట సగం తగ్గింది. తరవాత దారమంత. మూడోసారి... "నేదు నాన్నా" అన్నాను. నా నోట ఆయన మాటే వచ్చింది.

నవంబరు 8

మర పూర్తి. ప్రతి కోతకి ముందు తుడిచి, చూసి, చెప్పాను. ఆయన కాలు, నా కన్ను. మా దగ్గరున్న నట్టు చివరిదాకా జారింది. గానుగ నట్టు పద్మపూర్‌లోనే ఉంది, అది ఏమంటుందో.

ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక అందరికీ పెట్టాను. సిస్టర్ దేవుడికి కూడా.

నవంబరు 11

అప్పలస్వామి మర పట్టుకెళ్ళాడు. "ఈ తూరి కళ్ళు తెరిసే కోసేవా?"

"నా కళ్ళు కావు. మా అమ్మి కళ్ళు." దాచకుండా అన్నాడు. నేను తలుపు వెనక ఉన్నాను.

"తిరిగొస్తే మీ అమ్మినే తిడతాను మరి."

"ముందు నన్ను తిట్టు."

నవంబరు 13

పద్మపూర్ నుంచి కబురు లేదు. ఆదివారం మావయ్య వస్తానని ఉత్తరం.

పొద్దున వరండాలో టూళ్ళ వరస చివర నా భూతద్దం ఉంది. ఇత్తడి అంచు మీద కుంకుమ బొట్టు. "దసరాకి ఇది పూజలో నేదు కదా" అన్నాడు నాన్న, లేత్ తొక్కుతూ.

గాజుకి ఎక్కడా తగలలేదు. తడిమి తడిమి పెట్టి ఉంటాడు.

తుడవను.