హెచ్‌పీకి కషాయం

వదినగారికి నమస్కారాలు.

నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది, ఒత్తులు కూడా తప్పుతాయి, మన్నించండి. ఫోన్ చేద్దామంటే మీ తమ్ముడు పక్కనే ఉంటారు. ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఆయనకి హెచ్‌పీ వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నాలు ఇద్దరు స్నేహితులతో ముందుగదిలో తలుపు చేరవేసుకుని కూర్చుంటారు. కొత్తవాళ్ళ ముందుకు వెళ్ళడానికి నాకు సిగ్గు. టీ గ్లాసులు తలుపు సందులోంచే అందిస్తాను. మొన్న అలా అందిస్తుంటే ఆయన, "నాకు హెచ్‌పీ మూడే మిగిలిందిరా, ఇంకో దెబ్బ తగిలితే పోతాను" అన్నారు. స్నేహితుల్లో ఒకతను నవ్వి, "పోతే పో, అంతా డీఎం దయ" అన్నాడు.

హెచ్‌పీ అంటే బీపీ లాంటిదేనా? మూడంటే బాగా తక్కువా? ఆయన్ని అడిగితే "నీకు అర్థం కాదులే" అన్నారు.

మీ మరదలు

తా.క. చదివి కాల్చెయ్యండి. చింపితే లాభం లేదు. మీ తమ్ముడు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే మనిషి, ఎంత చిన్న ముక్కయినా చదివేస్తారు.

---

మరదలు పిల్లకి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదువుతూ మిషన్ తొక్కానేమో, జాకెట్టుకి మెడ దగ్గర చెయ్యి కుట్టేశాను. మందుల షాపతన్ని అడిగితే "హెచ్‌పీనా, హెచ్‌బీనా?" అన్నాడు. "చదువుకున్నది నువ్వా నేనా" అన్నాను. రక్తం తక్కువై ఉంటుందట. మావాడు చిన్నప్పుడూ అంతే, జ్వరమొస్తే మంచం కింద దాక్కునేవాడు. కషాయం పొడి పంపుతున్నాను. పొద్దున్నే గ్లాసుడు తాగించు, ముక్కు మూసైనా సరే.

ఇంతకీ ఆ డీఎం ఎవడు? డాక్టరా? కనుక్కో.

నీ వదిన

తా.క. ఉత్తరం కాల్చాను. దాంతోపాటు ఒకావిడ కొలతల కాగితం కూడా కాలింది. ఆవిడ చూపులకి ఇప్పుడు నేను కాలుతున్నాను.

---

వదినగారికి నమస్కారాలు.

తప్పులుంటే సర్దుకుని చదవండి. డీఎం డాక్టరు కాదు, బస్సు కండక్టరు. బక్కపలచని మనిషి. తాగిన గ్లాసు కడిగి మరీ తిరిగిస్తాడు. కానీ చంపేది అతనేనట. "ఈసారి టీపీకేనే, ఒక్కడూ మిగలడు" అని నవ్వుతూ అన్నాడు. కొత్తగా చేరిన ఎలక్ట్రీషియన్ అదేంటని అడిగితే, "మన పార్టీ మొత్తం చావడం" అని మీ తమ్ముడే చెప్పారు. ఆయన పార్టీలో ఎప్పుడు చేరారు వదినా?

ఇంకో మాట రాయడానికి మనసు రావడం లేదు. "హీలర్ లేకపోతే నా బతుకింతే. మంచి హీలర్ దొరికితే ఎంత బాగుండు" అన్నారు. ఆ గొంతులో ఎంత బెంగో. నేను పుట్టింటికి వెళ్ళినప్పుడు కూడా అంత బెంగ లేదు. హీలర్ అంటే ఆడమనిషి పేరా?

మీ మరదలు

తా.క. కషాయం గ్లాసు రోజూ ఖాళీగానే వస్తోంది. మొహం చిట్లించిన గుర్తు కూడా లేదు. నాకు అదే ఎక్కువ భయంగా ఉంది. ఈ ఉత్తరమూ కాల్చెయ్యండి, కొలతలు పక్కన పెట్టి.

---

మరదలు పిల్లకి ఆశీస్సులు.

ఎవతె ఆ హీలరు? చావులు, పార్టీలు, పరాయి ఆడది, అన్నీ ఒకే తలుపు వెనకాల. నువ్వు ఇంకా సందులోంచి గ్లాసులు అందిస్తూ కూర్చో. వచ్చే ఆదివారం లోపలికి వెళ్ళి ఆ డీఎంని నిలదీయి. నోరు పెగలకపోతే పళ్ళెం కింద పడెయ్యి. అందరూ నీ వైపు తిరుగుతారు, మాట దానంతటదే వస్తుంది.

నీ వదిన

తా.క. పడేసేవి స్టీలు గ్లాసులై ఉండాలి. గాజువి నీ పెళ్ళికి నేను పెట్టినవి.

---

వదినా,

మీ తమ్ముడు ఆదివారం మధ్యాహ్నం చనిపోయారు. కంగారు పడకండి, నేనే బతికించాను. ఇప్పుడు నా పక్కనే కూర్చుని ఈ ఉత్తరంలో ఒత్తులు దిద్దుతున్నారు.

మీరు చెప్పినట్టే పళ్ళెం పడేశాను. "మా ఆయన్ని చంపకండి" అన్నాను. బల్ల మీద గళ్ళ కాగితం, వేలెడంత బొమ్మలు, బోలెడు ముఖాలున్న పాచికలు ఉన్నాయి. కండక్టరు లేచి నిలబడి, "చంపేది నేను కాదండీ, డ్రాగన్" అన్నాడు.

అదంతా ఆట వదినా. తలా ఒక వేషం కడతారు. డీఎం కథ నడుపుతాడు. హెచ్‌పీ అంటే ఆ వేషంలో మిగిలిన ఊపిరి. మీ తమ్ముడు గొడ్డలి వీరుడట. ఇంట్లో కొబ్బరికాయ కొట్టమంటే వేలు నలుగుతుందని వెనకాడతారు. హీలరంటే గాయాలు మాన్పే వేషం. అది కట్టేవాళ్ళే దొరకలేదట.

"నాకు అర్థం కాదన్నారుగా" అన్నాను. ఆయన తన పక్కన కుర్చీ వేశారు.

నేను కూర్చున్నానో లేదో, డ్రాగన్ ఆయన్ని కాల్చేసింది. హెచ్‌పీ సున్నా. "హీలర్‌గారూ, ఏం చేస్తారు?" అన్నాడు డీఎం. నాకు మంత్రాలెక్కడ వచ్చు? "ముక్కు మూసి మా వదిన కషాయం తాగిస్తాను" అన్నాను. పాచిక వెయ్యమన్నాడు. ఇరవై పడింది. దాని మీద అంతకంటే పెద్ద అంకె లేదట. "లేచి కూర్చున్నాడు" అన్నాడు డీఎం. ఎలక్ట్రీషియన్ బల్ల మీద దరువేశాడు. నలుగురిలో అంత గట్టిగా నవ్వగలనని నాకే తెలియదు.

ఎవతె ఆ హీలరు అని అడిగారు కదా. నేనే.

మీ మరదలు

తా.క. ఈ ఉత్తరం కాల్చకండి, దాచండి. ఆటలో ఇప్పుడు ఊరూరా సంతలో మీ కషాయమే అమ్ముతున్నారు. అసలు కషాయాన్ని మాత్రం మీ తమ్ముడు రోజూ కిటికీలో మొక్కకి పోశారట, ఇప్పుడే ఒప్పుకున్నారు. మొక్క హెచ్‌పీ సున్నా.