ఫోటోకి పనికొచ్చిన కేక్

ఆదివారం, రాత్రి పదిన్నర

యాడ్ షూటింగుల్లో తిండిని కెమెరాకి ముస్తాబు చేయడం మా ఆయన ఉద్యోగం. ఆ రోగం నా వంటగదిలోకి కూడా వస్తుందనుకోలేదు.

పుట్టినరోజుకి బేకరీ కేక్ వద్దంది పాప. నా చేతి బెల్లం కేకే కావాలంది. మధ్యాహ్నమంతా ఓవెన్ ముందే నిలబడ్డాను. నేను పాపకి జడ వేసి వచ్చేలోపు, ఈయన కేక్ మీద హెయిర్ స్ప్రే కొట్టేశాడు. మెరవడానికట!

"ఏంది గట్ల చూస్తవ్? అలవాట్ల కొట్టిన. ఫోటో చూడు, మస్తొచ్చింది" అన్నాడు.

అత్తగారు కొడుకుని పల్లెత్తు మాట అనలేదు. "ఇంకోటి చెయ్యరాదు బిడ్డా, ఎంతసేపైతది?" అంది నాతో. ఎంతసేపో ఒక్కసారి ఆ ఓవెన్ దగ్గర నిలబడితే తెలిసేది.

పాప చాకు పట్టుకుని నన్నే చూసింది. "అమ్మా, ఇది తినేదా, షూటింగ్‌దా?"

పుట్టినరోజు పిల్లకి రావలసిన అనుమానమా అది? చివరికి బిస్కెట్ల మీద కొవ్వొత్తి పెట్టి ఊదించాం. నాకు ఏడుపు కూడా రాలేదు, అంత మండిపోయింది.

ఇందాక మళ్లీ ఫోన్ పట్టుకొచ్చాడు. ఫిల్మ్‌నగర్‌లో వాళ్లందరూ ఆ ఫోటోని తెగ పొగుడుతున్నారట.

రేపు ఆయన క్యారేజీలో అన్నం పెట్టను. ఆ ఫోటోనే ప్రింట్ తీయించి పెడతాను. మస్తొచ్చిందన్నాడుగా, తినమను.