సుద్దపొడి

జూన్ 3

అల్లుడి ఆఫీసులో కొత్త స్కీము వచ్చిందట. మందుల షాపువాడు చీటీ చూడగానే, ఇదే మందు చవకది కూడా ఉంది, రెండూ ఒకటే పని చేస్తాయి అని తన నోటితో చెప్పాలట. చెప్పకపోతే కేసు. అన్నం తింటూ చెప్పాడు. నాకు ముద్ద దిగలేదు.

మా వీధి మూల మందుల షాపువాడే కళ్ళముందు మెదిలాడు. ఆయన బతికుండగా చవక బీపీ బిళ్ళ ఇమ్మంటే, అది ఉత్త సుద్దపొడి పెద్దమ్మా, పెద్దాయన్ని చంపుకుంటారా ఏంటి అని నవ్వాడు. నమ్మాను. ఖరీదుదే కొన్నాం. అది నెలాఖరు దాకా రావాలని ఆయన నాకు తెలియకుండా బ్లేడుతో కోసి సగమే మింగారు. ఒక పొద్దున్న చెంబు పట్టుకునే పడిపోయారు. మింగని సగాలు ఆయన కళ్ళజోడు పెట్టెలో దొరికాయి.

జూన్ 4

నిద్ర లేదు. గ్యాస్ కట్టేశానా అని లేచాను. తలుపు వేశానా అని లేచాను. లేచినప్పుడల్లా వాడి నవ్వే.

జూన్ 9

స్కీము రాయడం తేలికట, నడపడమే చావట. ఆ మాటే బోర్డు రాసి పెట్టమంటే షాపులవాళ్ళు ఫ్రిజ్ వెనక తగిలిస్తున్నారట. ఆఫీసువాళ్ళు వెళితే ప్రతివాడూ హరిశ్చంద్రుడి తమ్ముడేనట. అందుకని మామూలు మనుషుల్ని కొనడానికి పంపుతారట. ఆఫీసు మనిషి ఒకడు వెనకాల కొనేవాడిలాగే నిలబడి వింటాడట.

అత్తయ్యా, మిమ్మల్ని పంపాలి, మీ మొహం చూస్తే మీరే ఏదో తప్పు చేసినట్టుంటారు, ఎవడూ అనుమానించడు అని నవ్వాడు అల్లుడు. అమ్మాయి కసిరింది. కరెంటు బిల్లు వస్తేనే అమ్మకి కడుపు చెడుతుంది, పరాచికాలకి కూడా వేళాపాళా ఉండాలి అంది.

పంపమన్నాను. ఇద్దరూ తినడం ఆపేశారు.

జూన్ 17

పేరు రాసుకున్నారు. మా మూలషాపుకే పంపమన్నాను. ఇంటి మనిషి కాబట్టి అల్లుడు మాత్రం ఈ షాపు జోలికి రాకూడదట. ఆఫీసరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. చీటీ ఇచ్చి ఊరుకోవాలి. చవకది ఉందా అని మనం అడిగితే టెస్టు చెల్లదు. వాడంతట వాడే చెప్పాలి.

సరే సరే అన్నాను గానీ దారంతా ఒకటే భయాలు. కాలు జారితే? చీటీ పడిపోతే? మంచి చీర కడితే అనుమానిస్తాడా? అసలు వాడు ఈలోగా మంచివాడైపోయి ఉంటే?

ఆ చివరిదే పెద్ద భయం.

జూన్ 20, సాయంత్రం

పాడు చేశాను. వాణ్ణి చూడగానే ఒళ్ళు మండింది. చవకది లేదా అని నా నోట్లోంచే ఊడిపడింది. సుద్దపొడి అననే అన్నాడు వాడు. అయినా చెల్లదట. వెనకున్న ఆఫీసు మనిషి తల పట్టుకున్నాడు. దొరికిన దొంగని నేనే గోడ దాటించాను.

జూన్ 21

ఛీ, నా నోరు పడ.

జూలై 2

ఇంకోసారి పంపారు. ఆయన పాత చీటీయే ఇచ్చి, నాలుక పళ్ళ మధ్య కొరికి పట్టుకుని నిలబడ్డాను. ఖరీదుది తీసి కౌంటరు మీద పెట్టాడు. చవకదాని ఊసే ఎత్తలేదు. పైగా, పెద్దాయన బాగున్నారా పెద్దమ్మా అన్నాడు.

ఆయన పోయి ఏడాది దాటింది. ఆ రోజు నా ఏడుపు వీధి వీధంతా విన్నది. వీడికి తెలియదు.

ఉన్నచోటే ఉన్నారు బాబూ అన్నాను. అబద్ధం కాదు. ఫొటో కదలదుగా.

వెనకున్న మనిషి కార్డు తీసి చూపించాడు. వాడి మొహాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. ఇంటికొచ్చి, నాలుక మండుతున్నా కడుపునిండా తిన్నాను.

జూలై 15

షాపు మూయరట! అల్లుడి మీద విరుచుకుపడ్డాను. మూస్తే ఈ వీధివాళ్ళు మందులకి ఎక్కడికి పోతారత్తయ్యా, మందు అందాలనే కదా స్కీము అన్నాడు. జరిమానా వేశారట. ఏడాది పాటు నిఘాట. వచ్చిన ప్రతివాడికీ రెండూ ఒకటే మందని వినబడేలా చెప్పాలట. ఒక్కడికి చెప్పకపోయినా లైసెన్సు ఊడుతుందట.

ఇదేం శిక్ష? దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంది. అన్నం మానేసి గది ఊడుస్తూ కూర్చున్నాను. ఊడుస్తుంటే తట్టింది. వచ్చిన ప్రతివాడికీ అన్నాడుగా అల్లుడు.

జూలై 16

వెళ్ళాను. ఒక్క బిళ్ళ చాలన్నాను. వాడు నేల చూస్తూ, రెండూ ఒకటే మందు పెద్దమ్మా, ఒకటే పని చేస్తాయి అన్నాడు.

చెవుడు బాబూ అన్నాను.

మళ్ళీ చెప్పాడు.

ఆగస్టు 30

పెద్దాయన లేరని వాడికి ఎవరో చెప్పారట. మరి రోజూ ఈ బిళ్ళలు ఎవరికి పెద్దమ్మా అని అడిగాడు. చెవి ముందుకు పెట్టాను. చెప్పాడు.

కళ్ళజోడు పెట్టె నిండిపోయింది. ఇంకా పెద్ద డబ్బా వెతకాలి.