నాన్న వేసిన కొత్త సోలు

నాన్నా,

నేను బాగున్నాను. ఈ మాట ముందే రాసేస్తున్నాను, మధ్యలో ఎక్కడైనా నీ గుండె దడదడలాడితే వెనక్కొచ్చి ఇదే చదువుకో. నువ్వూ అమ్మా కూడా బాగుండి ఉంటారు. అమ్మ మోకాలి సంగతి రాయలేదంటే తగ్గిందనుకోవాలా, రాయొద్దని నీ మీద కళ్లెర్రజేసిందనుకోవాలా?

ముందు నువ్వడిగినవి. కుర్చీకి ఎదురుగా నిలబడి రంగు కొడితే వెనక వైపు ఎలా పడుతుంది, కోతలు కోస్తున్నావా అన్నావు. కోతలు కాదు. మా గన్ను రంగు తుంపరకి కరెంటు పట్టిస్తుంది. కొక్కేనికి వేలాడే ఇనప కుర్చీకి ఎర్తు ఉంటుంది. ఆ తుంపర ఇనుముని వెతుక్కుంటూ చుట్టు తిరిగి పోయి అంటుకుంటుంది, వంటింటి వాసన పట్టిన బాబాయిలాగా. కొక్కెం మీద పాత రంగు పేరుకుంటే ఎర్తు అందదు, అందుకే కొక్కేలు గీకడమే మాకు సగం పని. ఇక అమ్మ అడిగిన గొలుసు, కమ్మలు: రంగు గది లోపల ఒంటి మీద లోహం ఉండకూడదు, అందుకని పెట్టెలో దాచాను. అమ్ముకు తినలేదని చెప్పు.

ఆ కరెంటు మా ఒంటికీ ఎక్కుతుంది నాన్నా. ఎక్కింది ఎక్కినట్టే దిగిపోవాలి. గన్ను చేతిలో ఉన్నంతసేపూ పిడి గుండా దిగుతుంది. అందుకే చేతి తొడుగుకి అరచేతి దగ్గర కత్తిరించుకుంటాం, చర్మం పిడికి తగలాలని. కొత్త తొడుగుని కావాలని పాడుచేసుకునేవాళ్లం మేమే. గన్ను పక్కన పెట్టాక మాత్రం కాళ్లే దిక్కు. కంపెనీ ఇచ్చిన బూట్ల సోలు చూడ్డానికి పీలగా ఉన్నా, కరెంటుని నేలకి దించే సరుకు అందులో కలిపి ఉంటుంది.

నీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. చెప్పు పని తెలిసినవాడివి, నీకు విడమరిచి చెప్పాలా?

సెలవుకి వచ్చినప్పుడు నేను లేచేసరికి నా బూట్లకి కొత్త సోలు వేసి గుమ్మంలో పెట్టావు. "ఇంత పల్చటి దాని మీద రోజంతా ఎలా నిలబడతావే" అన్నావు. నీ దగ్గరున్నదాంట్లో మేలురకం రబ్బరు, చుట్టూ నీ కుట్టు. నా కాళ్లు అంత సుఖపడింది ఎప్పుడూ లేదు. కరెంటుకి మాత్రం ఆ రబ్బరు అడ్డుగోడ. నీకది తెలియదు, తెలియాల్సిన నాకు తట్టలేదు.

మా రంగు గది గుమ్మం దగ్గర బూట్లని పరీక్షించే పలక ఒకటి ఉంది. బూట్లతో దాని మీద నిలబడితే పచ్చ దీపం వెలగాలి. వెలిగితేనే లోపలికి. ఆ రోజు బస్సు ఆలస్యమై, తొక్కకుండానే పరిగెత్తాను. మాలో పెద్దావిడ, మేం బామ్మ అని పిలుస్తాం, రంగు కొడుతోంది. నేను పక్కనే నిలబడి, రంగు పల్చన చేసే తిన్నరు డబ్బా అందుకోబోయాను. వేలికీ డబ్బాకీ మధ్య చిటుక్కుమంది. అంతే, మంట. బామ్మ గన్ను కట్టేసి, గోడకున్న మంటలార్పే సిలిండరు లాగి ఆర్పేసింది. నాకు రెండు వేళ్లు బొబ్బలెక్కాయి. మానిపోయాయి, ఈ ఉత్తరం ఆ వేళ్లతోనే రాస్తున్నాను. ఇప్పుడు భోజనానికి వెళ్లొచ్చినా పలక తొక్కే వస్తున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అక్షరాలా నేనే.

ఇప్పటిదాకా రాయలేనిది ఇంకొకటుంది. సోలు ఎవరు వేశారని సూపర్‌వైజరు అడిగితే, "దారిలో ఎవరో కుట్టారు" అన్నాను. నిన్ను ఒక్క మాట అంటాడేమోనని అలా అనేశాను. కానీ ఆ కాసేపు నిన్ను ఊరూ పేరూ లేనివాణ్ణి చేశాను నాన్నా. బొబ్బల కన్నా అదే ఎక్కువ మండింది. మర్నాడు పోయి, కుట్టింది మా నాన్న అని చెప్పాను. ఆయన ఏమీ తిట్టలేదు. "మీ నాన్నకి రాయమ్మా, ఈ బూట్లు ఎవరివైనా ముట్టుకోవద్దని" అన్నాడు. కాబట్టి మా వాళ్లందరి బూట్ల కోసం కొన్నానని రాశావే, ఆ రబ్బరు ఇంకెవరి చెప్పులకైనా వాడు. ఇలాంటి బూట్లు అరిగితే బాగుచెయ్యడం ఉండదు, పారేసి కొత్తవి తొడుక్కోవడమే.

నీ సంగతి నాకు తెలుసు. ఎవరి పిల్లాడికో నువ్వు కుట్టిన చెప్పులో మేకు గుచ్చుకుందని వారం పాటు కొట్టు తెరవనివాడివి. ఇది చదివి చెప్పులు కుట్టే ఆరె, దారం కట్టకట్టి అటక మీద పెడతావేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. ఆ పని చెయ్యకు. నేను పుట్టినప్పట్నుంచీ ఆ చేతులు కుట్టినవే తొడుక్కుని నడిచాను, ఒక్కసారి కూడా కాలు కందలేదు.

దీంతోపాటు నేను రోజూ బయట తిరిగే చెప్పులు పంపుతున్నాను. ఎడమ దాని పట్టీ తెగింది. ఇక్కడ కుట్టేవాళ్లు లేక కాదు.

ఇట్లు,
నీ చేతి కుట్టు కోసం ఎదురుచూసే
నీ పెద్దది