బోరింగు నీళ్ల ఫలితం

ఫలక్‌నుమా, హైదరాబాదు
గురువారం

అక్కయ్యకు చెల్లెలు విమల నమస్కరించి రాసేది. ఒంట్లో బాగానే ఉన్నాను. అక్కడ మీరంతా కులాసాయే కదా? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? వానలకి మా గల్లీ అంతా బురద. వేళకి అన్నం తింటున్నాను, కంగారు పడకు.

నేను అద్దెకుంటున్న ఇంటావిడ యాదమ్మ గురించి రాశాను కదా, బర్రెల పాలు పోసి బతికే మనిషి. ఆవిడ ఆరేళ్ల కూతురు లక్ష్మి పోయింది అక్కా. నా వల్లే పోయింది.

గల్లీ చివర పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే కార్ఖానా ఉంది. చుట్టుపక్కల బోరింగుల నీళ్లు మా ల్యాబుకి పట్టుకెళ్లి పరీక్షించడమే నా పని. మా బోరింగు నీళ్లలో సీసం విపరీతంగా ఉందని తేలింది. "మన పరిశోధన పేపర్ అచ్చయ్యేదాకా ఒక్క ముక్క బయటికి పొక్కకూడదు, ఇంకొకళ్లు ముందే వేసేసుకుంటారు" అన్నారు మా సారు. ల్యాబులో అదే ఆచారం. పేపర్లో నా పేరు కూడా వేస్తామన్నారు. ఆ ఆశకి నోరు మూసుకున్నాను.

నేను మాత్రం ల్యాబు నుంచి నీళ్లు తెచ్చుకోవడం మొదలుపెట్టాను. "ఏంది బిడ్డా, మా నీళ్లు మంచిగ లేవా?" అంది యాదమ్మ. నాకు ఈమధ్య బోరింగు నీళ్లు పడటం లేదని అబద్ధమాడాను. ఎంత పాపిష్ఠిదాన్ని!

బోనాలు అయిన పది రోజులకి లక్ష్మికి ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రిలో రక్తం చూసి సీసం అన్నారు. నాలుగో రోజు పోయింది. యాదమ్మ ఏడుస్తుంటే తలుపేసుకుని కూర్చున్నాను.

ఆ తరవాత ఉండబట్టలేక అన్ని బోరింగుల ఫలితాలూ, ఎలా పరీక్షించామో, ఏ రోజు తేలిందో చార్టు మీద రాసి గల్లీలో గోడకి అంటించాను. పక్కింటి సలీం భాయ్ ఉర్దూలో రాసిచ్చాడు. తేదీ వెయ్యకుండా ఉందామనిపించింది, నీ దగ్గర అబద్ధం ఎందుకు? కానీ వేశాను. సారుకి తెలిసి, సోమవారం నుంచి రావద్దన్నారు. నాన్నగారికి నువ్వే మెల్లగా చెప్పు.

యాదమ్మకి చదువు రాదు. "జర చదివి చెప్పు బిడ్డా" అంది. చదివాను. తేదీ దగ్గర ఆపింది.

"గది బోనాలకు ముందుగాలనా, ఎన్కనా?"

"ముందే" అన్నాను.

"గప్పుడు నా బిడ్డ మంచిగనే ఉండె గదా" అని లోపలికి వెళ్లిపోయింది.

మూడు రోజులైంది, నాతో మాటల్లేవు. పాలు మాత్రం పొద్దున్నే నా గడప దగ్గర పెట్టి పోతోంది. అవి తాగలేక అలాగే మూతపెట్టి ఉంచుతున్నాను.

అమ్మానాన్నలకు, బావగారికి నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. దీవించమని రాయడానికి చెయ్యి రావడం లేదు. నన్ను తిడుతూ ఒక ఉత్తరం రాయి అక్కా, ఇక్కడ ఒక్కరూ తిట్టడం లేదు.

నీ చెల్లెలు
విమల