తెలిసిన భాషలు

ప్రియమైన అన్నయ్యకు,

నీ చెల్లెలికి ఉద్యోగం రాబోతోంది. నవ్వకు. వచ్చిందనలేదు, రాబోతోంది అన్నాను. బస్టాండు దగ్గరి లైబ్రరీలో సెలవుల రెండు నెలలూ కౌంటర్లో కూర్చోడానికి హైస్కూలు పిల్లల్లో ఒకరిని తీసుకుంటారట. మా బడి నుంచే ఆరుగురం పోటీ పడుతున్నాం. రెజ్యూమె తెచ్చుకోమన్నారు. అదేమిటో మా ఆరుగురిలో ఒక్కరికీ తెలియదు. లెక్కల మాస్టారిని అడిగితే, "నువ్వేం చేయగలవో ఒక పేజీలో రాయడం" అన్నారు. ఒక పేజీ! నాకు నాలుగు లైన్లకే ఊపిరాగింది.

చిత్తుప్రతి దీంతో పెట్టాను. మీ ప్రెస్సులో నువ్వే కంపోజ్ చేసి, మంచి కాగితం మీద అయిదు కాపీలు తీసి పంపు. వచ్చే నెల మూడో తారీఖున ఇంటర్వ్యూ. అనుభవం అన్నచోట ఏం రాయాలో తోచక "లేదు" అని రాశాను. అబద్ధమైతే ఆడలేదుగా.

ఈ పని నాకు కావాలి అన్నయ్యా. చాలా కావాలి.

అమ్మ కుట్టుమిషను బాగయింది. నీకు చొక్కా కుడుతుందట, మెడ కొలత పంపమంది.

నీ వసపిట్ట


వసపిట్టకు ప్రేమతో,

మెడ పదిహేనున్నర.

సబ్బుపెట్టెల లేబుళ్లు పక్కన పెట్టి మరీ నీ రెజ్యూమె కంపోజ్ చేశాను. ప్రూఫు పంపుతున్నాను, ఎర్రసిరా చూసి జడుసుకోకు. గడ్డం కింద పుట్టుమచ్చ ఉందని రాశావు. ఇది ఉద్యోగానికా, తప్పిపోయిన పిల్లల ప్రకటనకా? తీసేశాను. హాబీల్లో ఈత అని ఉంది. మోకాళ్ల లోతు నీళ్లు చూసి అమ్మ కొంగు పట్టుకుని ఏడ్చిన మనిషివి, ఎప్పుడు నేర్చుకున్నావు? "సమయపాలన నా బలం" అన్న వాక్యం అమ్మకు చదివి వినిపించావా? ఆవిడ ఏమందో నాకు రాయి.

ఒక్కటే అనుమానం. తెలిసిన భాషలు అన్నచోట రెండే ఉన్నాయి, ఇంట్లోదీ బడిదీ. మన చేతుల భాష జారిపోయింది. చెవులు వినపడని అన్నతో పుట్టినప్పటినుంచీ చేతులతో వాగుతున్నావు కాబట్టే కదా నీకు వసపిట్ట అని పేరు పెట్టాను! మూడోదిగా కలిపేస్తాను. నువ్వు ఊ అనడమే ఆలస్యం. వినపడకపోయినా రాస్తే చాలు.

మీ అన్నయ్య


అన్నయ్యకు,

అది జారిపోలేదు. నేనే వదిలేశాను.

పుట్టుమచ్చ తీసేసినందుకు సంతోషం, ఈత కూడా కొట్టేయి. భాషలు మాత్రం రెండే ఉంచు. నీ దగ్గర దాచడం చేతకాదు కాబట్టి చెప్పేస్తున్నాను. బళ్లో నన్నెవరూ పేరు పెట్టి పిలవరు. "మూగోడి చెల్లెలు" అంటారు. పోయిన ఏడాది నువ్వు నన్ను తీసుకెళ్లడానికి గేటు దగ్గరికి వచ్చినప్పుడు మనం మాట్లాడుకోవడం చూశారు, అప్పట్నుంచీ అంతే. పాఠం అప్పజెప్పినా మూగోడి చెల్లెలే, పరుగుపందెంలో గెలిచినా మూగోడి చెల్లెలే. ఒక్క కాగితం మీదైనా నేనొక్కదాన్నే ఉండాలనిపించింది. ఆ లైబ్రరీలో నన్నెవరూ ఎరగరు.

కోపం వచ్చిందా? వస్తే తిట్టు. కానీ జవాబు రాయి.

నీ చెల్లెలు


చెల్లీ,

నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. పని ఎక్కువై రాయలేకపోయానని బొంకుదామనుకున్నాను. పనేం లేదు. బాధేసింది. రెండు రోజులు నీ మీద ఉడుక్కున్నాను. మూడోరోజు నుంచి నా మీదే.

నాకీ ఉద్యోగం వచ్చిన రోజు గుర్తుందా? నీకు పదేళ్లు. అమ్మకు సెలవు దొరక్క నిన్ను వెంటబెట్టుకొచ్చాను. యజమాని నోటితో అడిగేవాడు, నువ్వు నాకు చేతులతో చెప్పేదానివి, నా చేతులు చూసి మళ్లీ ఆయనకు చెప్పేదానివి. గంటన్నర అలా నిలబడే ఉన్నావు. చివర్లో ఆయన ఏదో అంటే నన్నడగకుండా నువ్వే జవాబిచ్చేశావు. బస్సులో అడిగితే "ఏం లేదు" అన్నావు. అదేమిటో మొన్న యజమానే కాగితం మీద రాసి చూపించాడు. "ఇతన్ని తీసుకుంటే రోజూ నువ్వూ రావాలేమో పాపా" అన్నాడట. "అక్కర్లేదండీ, మా అన్నయ్యే మీకు నాలుగు మాటలు నేర్పుతాడు" అన్నావట. నేర్పాను. ఇప్పుడాయన టీ, ఆలస్యం, శభాష్ చేతులతోనే అంటాడు. ఆలస్యం ఎక్కువ, శభాష్ తక్కువ.

ఆరోజు నా దరఖాస్తులో నేనొక్కడినే ఉన్నాను. నీ ఊసే లేదు. మరి నీ కాగితం మీద నువ్వొక్కదానివే ఉండాలనుకోవడం తప్పెలా అవుతుంది?

రెండు కట్టలు పంపుతున్నాను. నీలం దారం కట్టినవి నువ్వడిగినట్టే ఉంటాయి. ఎర్రదారం వాటిలో మూడో భాష ఉంది. ఏది ఇచ్చావో నేనడగను. "అనుభవం: లేదు" అన్నది మాత్రం రెండింట్లోనూ తీసేశాను. తెలిసి తెలిసి తప్పు అచ్చేయలేను.

ఇంటర్వ్యూకి గోళ్లు కొరుక్కుంటూ వెళ్లకు.

మీ అన్నయ్య


ప్రియమైన అన్నయ్యకు,

నువ్వడగనన్నావు, నేనే చెబుతాను. నీలం దారమే విప్పాను.

లైబ్రరీ మేడమ్ కాగితం చదివి, "భయంగా ఉందా అమ్మా?" అంది. "అబ్బే, లేదండీ" అన్నాను ధీమాగా. ఆవిడ నా మొహం కాదు, ఒళ్లోకి చూస్తోంది. చూద్దును కదా, నా చేతులు వాటిపాటికవి "భయం, భయం, ఇంటికెళ్లిపోతా" అంటున్నాయి! నోటి అబద్ధాన్ని చేతులు పట్టిచ్చేశాయి. "ఏమిటా చేతులు?" అని అడిగింది.

చెప్పేశాను. నీ గురించి, మీ ప్రెస్సు గురించి, బళ్లో పిలిచే పేరు గురించి కూడా. ఏడవలేదు. సరే, కొంచెం ఏడ్చాను. సంచీలోంచి ఎర్రదారం కట్ట తీసి ఒక కాపీ ఇచ్చాను. ఆవిడ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసి, గోడ మీది బోర్డు చూపించింది. "నిశ్శబ్దం పాటించండి" అని ఉంది.

"ఇరవై ఏళ్లుగా ఉష్ ఉష్ అంటూ ఈ హాల్లో అందరికన్నా ఎక్కువ చప్పుడు చేసేది నేనే" అంది. "నోరు మెదపకుండా మనుషుల్ని కసరడం వచ్చినవాళ్లు ఇన్నేళ్లకు దొరికారు. 'మెల్లగా మాట్లాడండి' అని ఎలా అనాలో చూపించు."

చూపించాను. మొదటిసారి ఆవిడ చేతులతో "మెల్లగా తినండి" అంది. రెండోసారికి వచ్చేసింది. సోమవారం నుంచి రమ్మంది అన్నయ్యా, వారంగా వెళ్తున్నాను! నాకే వచ్చింది!

సెలవుల్లో కనిపించినా బడి పిల్లలు ఇంకా ఆ పేరుతోనే పిలుస్తున్నారు. నొప్పి పోలేదు, తగ్గింది. మొన్న నాతో పోటీపడిన ఆ అయిదుగురూ లైబ్రరీకొచ్చి గోలగోలగా మాట్లాడుతుంటే కౌంటర్లోంచి చేతులతోనే గదమాయించాను. ఠక్కున ఆగిపోయారు. వెళ్లేటప్పుడు ఒకమ్మాయి, అదెలా చేయాలో నేర్పమని అడిగింది.

ఇంకొకటి. ఇదంతా అమ్మకు చెబితే నవ్వి, నాకు మాట రాకముందే పాలు కావాలని చేత్తో అడిగేదాన్నని చెప్పింది. నేర్పింది నువ్వేనట. కాబట్టి ఎర్రదారం ప్రూఫులో నువ్వు వదిలేసిన తప్పొకటుంది. మూడో భాషను మొదటికి జరిపి, ఇంకో అయిదు కాపీలు పంపు.

ఈ ఉత్తరం వెనక్కి తిప్పి చూడు. ఇది రాసింది నీలం దారం కట్టలో మిగిలిన కాగితాల వెనకే. మంచి కాగితం, పారేయబుద్ధి కాలేదు.

నీ వసపిట్ట